సంకేతపదములు: రైతు ఖాతాలకు తాళములు



పూర్వము ధాన్యము నమ్మిన సొమ్మును మూటగట్టి యింటికి దెచ్చి, భోషాణములో బెట్టి తాళము వేయుట మన పెద్దల వాడుక. ఆ తాళపుచెవి యింటి యిల్లాలి కొంగున ముడివడి యుండెడిది. నేడు ధాన్యపు సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ యగుచున్నది. పీఎం కిసాన్ పథకము క్రింద సంవత్సరమునకు 6,000 రూపాయలు, మూడు వాయిదాలుగా, 2019 నుండి ఖాతాలకే వచ్చుచున్నవి. పంట ఋణమును, బీమా పరిహారమును అట్లే చేరుచున్నవి. ఆ ఖాతా తలుపు మన చేతి ఫోనులో నున్నది. దొంగయు తన రీతిని మార్చుకొనినాడు. అతడు గోడకు కన్నము వేయడు. ఫోను చేసి మర్యాదగా పలుకరించును.

ఆరుగాలము కష్టించి పండించిన పంట విలువ నాలుగు లేక ఆరు అంకెల వెనుక నిలిచియున్న కాలమిది. ఆ అంకెలు ఎట్లు పనిచేయునో, ఎట్లు పరుల పాలగునో యెరిగి యుండుట, విత్తనపు మంచిచెడ్డ లెరిగి యుండుట వలెనే రైతునకు అవసరము. అందులకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

సంకేతపదమనగా నేమి

పాస్‌వర్డు అని వాడుకలో నున్నదానిని ఇచట సంకేతపదమని పిలుచుచున్నాను. ఖాతా తనదని చెప్పుకొను మనుష్యుడు నిజముగా నతడే యని దూరముననున్న యంత్రమునకు రుజువు చూపు రహస్యపు మాట యిది. ఆ యంత్రమునకు మన వంశమును, ఊరును తెలియవు. సరియైన మాట చెప్పిన ప్రతివానిని యజమానిగనే యెంచును. కావున సంకేతపద మెవని కడ నున్నదో, ఖాతా వాని చేతిలో నున్నట్లే.

అమెరికా దేశమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో, ఒకే కంప్యూటరును పలువురు పంచుకొను ఏర్పాటు 1961లో ఫెర్నాండో కార్బటో అను పండితుని ఆధ్వర్యమున జరిగెను. ఎవరి వ్రాతలు వారికే దక్కుటకై ఒక్కొక్కరికి ఒక సంకేతపద మేర్పరచిరి. 1962లోనే ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తన వంతుకు వచ్చిన యంత్రకాలము చాలక, అందరి సంకేతపదములు గల పట్టికను అచ్చు వేయించుకొని యితరుల వంతులను వాడుకొనెను. ఆ యితరులు తమ మాటను ఎవరికిని చెప్పలేదు. అయినను వారి తాళములు తెరువబడెను. దాచినచోట పట్టిక భద్రముగా లేకున్న, దాచుకొన్నవాని జాగ్రత్త యొక్కటియే చాలదని దీనివలన తేలినది.

కావున మంచి సంస్థలు సంకేతపదమును ఉన్నదున్నట్లు దాచుట మానుకొనినవి. పసుపుకొమ్మును రోటిలో దంచిన పొడి యగును. ఆ పొడినుండి తిరిగి కొమ్మును చేయుట ఎవరి తరమును గాదు. అట్లే మన మాటను గణితపు రోటిలో దంచి, వచ్చిన పొడిని మాత్రమే దాతురు. ఈ రోటి విశేష మేమనగా, ఒకే మాటను ఎన్నిమారులు దంచినను ఒకే పొడి వచ్చును. మరునాడు మనము మాటను చెప్పినప్పుడు దానిని మరల దంచి, రెండు పొడులను పోల్చి చూచి తలుపు తీయుదురు. ఇద్దరు మనుష్యులు ఒకే మాటను పెట్టుకొన్నను పొడులు వేరుగా నుండుటకై, దంచునపుడు ఒక్కొక్కరి మాటకు వేరువేరుగా కొంత కలుపుదురు. ఆ కలిపెడుదానికి ఆ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘ఉప్పు’.

దొంగ యెట్లు కనుగొనును

మొదటి మార్గము ఊహ. పొడుల పట్టిక దొంగ చేత చిక్కెననుకొనుడు. అతడు పొడిని కొమ్ముగా మార్చలేడు. కాని తనకు తోచిన మాటల నన్నిటిని తానే దంచి, ఏది సరిపోవునో చూచుకొనగలడు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 3,289 సంకేతపదములను పరీక్షింపగా, నూటికి 86 వంతులు మిక్కిలి పొట్టివిగానో, నిఘంటువులోని మాటలుగానో, పేర్లుగానో యుండి సులభముగా దొరకెను. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట, 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల సంకేతపదములు దొంగల పాలయ్యెను. అవి దంచకయే దాచినవి. వానిలో అందరికంటె ఎక్కువమంది పెట్టుకొన్నది ఒకటి మొదలు ఆరు వరకు గల అంకెల వరుస. మనుష్యుల స్వభావము మారలేదు. దొంగలకు ఆ స్వభావము బాగుగ తెలియును. పుట్టిన సంవత్సరము, బిడ్డ పేరు, బండి నంబరు, సర్వే నంబరు, ఇష్టదైవము పేరు, ఇవియే వారు మొదట దంచి చూచు మాటలు.

రెండవ మార్గము ఒకచోట దొరకినదానిని మరియొకచోట వాడుట. గోదామునకు, ఇంటికి, మోటారు కొట్టమునకు ఒకే తాళపుచెవి పెట్టుకొన్న రైతు, కొట్టము చెవి పోగొట్టుకొన్ననాడే మూడింటిని పోగొట్టుకొనును. ఏదో యొక ఆటల యాప్‌నకు పెట్టిన మాటనే ఈమెయిలునకును పెట్టినయెడల, ఆ ఆటల సంస్థ యజాగ్రత్త మన కొంపకు చేటు తెచ్చును.

మూడవ మార్గము, మన గ్రామములలో నెక్కువగా కనబడునది, అడిగి తీసికొనుట. దీనికి గణితముతో పనిలేదు. భయమో, ఆశయో, తొందరయో కలిగించి మన నోటినుండియే రాబట్టుట.

మంచి సంకేతపదము

చిన్న అక్షరములు ఎనిమిదింటితో ఇంగ్లీషున కూర్చగల సంకేతపదములు సుమారు 20,882 కోట్లు. వినుటకిది పెద్ద సంఖ్య. కాని సెకనుకు 10,000 కోట్ల మాటలను దంచి చూడగల యంత్రములు నేడు కలవు. పొడిచేయు పద్ధతి తేలికయైనదైనచో అట్టి యంత్రమునకు ఈ పని రెండు మూడు సెకన్లది. అదే, 7,776 మాటలు గల పట్టికనుండి పాచికలు వేసి ఐదు మాటలను ఎంచి కూర్చినయెడల, కాగల కూర్పులు 2 లక్షల 84 వేల కోట్ల కోట్లకు పైగా నుండును. అదే యంత్రమునకు వాని నన్నిటిని పరీక్షించుటకు సుమారు 9 సంవత్సరములు పట్టును. వింత గుర్తులు చేర్చిన పొట్టి మాటకంటె సాదా మాటలతో గూర్చిన పొడవైన వరుస బలమైనది, జ్ఞాపకముంచుకొనుటయు సులభము.

పాచికలు, పట్టిక లేనివారు పాత పుస్తకమును తెరచి, కన్నులు మూసికొని వ్రేలు పెట్టి, తగిలిన మాటను తీసికొనవచ్చును. ఐదుమారులు, వేరువేరు పుటలలో. గంప, చుక్క, ఇత్తడి, పొగ, మేనత్త యనునట్లు ఒకదానితో నొకటి సంబంధము లేని మాటలు రావలయును. ఇచట అచ్చైన ఈ మాటలను మాత్రము ఎవరును వాడరాదు. సామెతను గాని, పాట పల్లవిని గాని పెట్టుకొనరాదు. పదిమందికి తెలిసినది దొంగకును తెలియును.

మూడు నెలలకొకసారి సంకేతపదమును మార్చవలెనను పాత నియమము ఇప్పుడు చెల్లదు. అట్లు నిర్బంధింపగా జనులు చివర నొక అంకె మార్చి యూరకుందురని గ్రహించి, అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో ఆ నియమమును విడిచెను. అనుమానము కలిగిననాడు మాత్రము వెంటనే మార్చవలయును.

ఇన్ని మాటలను మనసున నుంచుకొనజాలనివారు కాగితముపై వ్రాసి యింటి పెట్టెలో దాచుకొనుడు. దూరదేశపు దొంగ మీ పెట్టెను తెరువలేడు. అన్నిటికి ఒకే మాట పెట్టుటకంటె ఇది మేలు. ఫోను కవరు లోపల గాని, పాస్‌పుస్తకము అట్టపై గాని వ్రాయుట మాత్రము తాళమునకే చెవిని కట్టి వ్రేలాడదీయుట వంటిది.

పిన్ను, ఓటీపీ

నాలుగంకెల పిన్నులు మొత్తము 10,000 మాత్రమే. ఆరంకెలవి 10 లక్షలు. ఇంత తక్కువైనను పనికివచ్చుటకు కారణము రెండు. కొన్నిమారులు తప్పుగా నొక్కినయెడల బ్యాంకు యంత్రము తలుపు మూసివేయును. మరియు యూపీఐ పిన్ను మన సిమ్ము గల ఫోనుతో ముడిపడి యుండును. ఆ ఫోను లేనిదే పిన్ను ఒంటరిగా పనిచేయదు. కాని క్రొత్త ఫోనులో క్రొత్త పిన్ను నేర్పరచుటకు డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, దాని గడువు తేది, మన ఫోనునకు వచ్చు ఓటీపీ అడుగుదురు. దొంగ ఫోనులో ‘కార్డు వెనుక నేమున్నది, ముందేమున్నది, ఇప్పుడు వచ్చిన అంకె లేమి’ యని యేల అడుగునో దీనివలన మీకు బోధపడును. అతడు మన తాళమును పగులగొట్టుట లేదు. మన పేర క్రొత్త తాళము చేయించుకొనుచున్నాడు.

ఒక్క సూత్రమును ఇంటిల్లిపాదియు కంఠస్థము చేయవలయును: సొమ్ము పంపుటకే పిన్ను, పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. మీ గేదెను కొందునని, బయానా పంపితినని చెప్పి, ‘ఈ క్యూఆర్ బొమ్మను చూపి పిన్ను నొక్కుడు, సొమ్ము పడును’ అని యెవరైన ననినచో, ఆ బేరము అంతటితో విడువుడు. నొక్కిన మరుక్షణము సొమ్ము మీ ఖాతానుండి పోవును.

పీఎం కిసాన్ వాయిదా ఆగినదని, ఈ యాప్‌ను వేసికొనుడని వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలు మరియొక వల. దానిని తెరచి, అడిగిన అనుమతుల కెల్ల సరేయనినచో, మనకు వచ్చు సందేశములను అది చదివి ఓటీపీలను దొంగకు చేరవేయును. యాప్‌లను ప్లే స్టోరునుండియే తీసికొనుడు. ప్రభుత్వపు వెబ్‌సైటు చిరునామా ‘జీఓవీ’ చుక్క ‘ఇన్’ అను మాటలతో ముగియును. మన దేశపు బ్యాంకులకు ‘బ్యాంక్’ చుక్క ‘ఇన్’ అను ముగింపును రిజర్వు బ్యాంకు 2025లో ఏర్పరచెను. చిరునామా యెట్లు మొదలైనదో చూచి మోసపోకుడు. ఎట్లు ముగిసినదో చూడుడు.

జంట తాళము

సంఘపు ఇనుపపెట్టెకు రెండు తాళములు వేసి, ఒక చెవి అధ్యక్షుని కడ, రెండవది కార్యదర్శి కడ నుంచు పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. ఒక చెవి పోయినను పెట్టె తెరువబడదు. ఈమెయిలు మొదలగు ఖాతాలకు గూడ ఇట్టి యేర్పాటు కలదు. సంకేతపదము చెప్పిన పిమ్మట ఫోనులో వచ్చిన అంకెలను గూడ అడుగును. దీనిని రెండంచెల పరిశీలన యందురు. తప్పక పెట్టించుకొనుడు. రెండవ చెవి యగు ఓటీపీని పరులకు చెప్పినవారు, జంట తాళపు ప్రయోజనమును స్వయముగ పోగొట్టుకొన్నవారే.

రెండవ చెవి సిమ్ములో నున్నది గనుక సిమ్మును గూర్చి యొక మాట. చాలకాలము వాడక విడిచిన ఫోను నంబరును కంపెనీ మరియొకరి కిచ్చును. బ్యాంకులో ఆ పాత నంబరే యుండినచో మీ ఓటీపీలు ఆ క్రొత్తవానికి పోవును. నంబరు మార్చిననాడే బ్యాంకులోను, ఆధారులోను మార్పించుకొనుడు. ఊరిలో అందరికి సిగ్నలు ఉండి మీ ఫోనునకు మాత్రము గంటల తరబడి లేకున్నచో, మీ సిమ్మును మరియొకరు తీసికొనిరేమో విచారింపుడు. మీ పేర నెన్ని సిమ్ములున్నవో 2023లో ప్రభుత్వము తెరచిన సంచార్ సాథీ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును.

సాయపడు చేతులు

మన సభ్యులలో చదువు రానివారు, కంటిచూపు తగ్గినవారు అనేకులు. వారు ఫోనును, పిన్నును అంగడి కుఱ్ఱవాని చేతికో, పొరుగింటి విద్యార్థికో యిచ్చి సొమ్ము పంపించుకొనుచున్నారు. సాయము కోరుట తప్పుగాదు. సాయము చేయువానిని శంకించుటయు న్యాయము గాదు. కాని పిన్నును పంచుకొన్నపిదప సొమ్ము పోయినచో, నిర్దోషియగు ఆ పిల్లవానిమీదనే మొదట అనుమానము పడును. ఇరువురి మేలుకొరకు పిన్నును యజమానియే నొక్కవలయును. కాటా మీద తూకపు అంకెలను గుర్తుపట్టగల రైతు, ఫోను మీది అంకెలను గుర్తుపట్టలేకపోడు. పది దినములు అభ్యాసము చేయించిన చాలును.

ఫోను కొన్ననాడు అంగడివాడే ఈమెయిలు తెరచి, తనకు తోచిన సంకేతపదమును పెట్టి యిచ్చుట పరిపాటి. యజమానికి ఆ మాట తెలియదు, అంగడివానికి తెలియును. ఇతర ఖాతాల సంకేతపదములను మార్చు ఉత్తరములు ఆ ఈమెయిలునకే వచ్చును గనుక, అది తాళపుచెవుల గుత్తి వంటిది. తెలిసినవారి సాయమున ఫోను సెట్టింగులు తెరచి, ఆ మాటను మార్చుడు. క్రొత్తదానిని మీరే టైపు చేయుడు. తిరిగి పొందుటకు ఇచ్చిన ఫోను నంబరు మీదేనా యని గూడ చూడుడు.

మరియొక ఉపాయము. పంట సొమ్ము పడు ఖాతాను యూపీఐకి కలుపక, రోజువారీ ఖర్చునకు చిన్న ఖాతాను వేరుగా తెరచి దానినే కలుపుడు. విత్తనపు ధాన్యమును తిండిగింజల గాదెలో కలుపని రైతునకు ఈ విభజన క్రొత్త గాదు.

వ్రేలిముద్ర

సంకేతపదము పోయినచో మార్చుకొనవచ్చును, బొటనవ్రేలిని మార్చుకొనలేము. ఆధారు ముద్రతో సొమ్ము తీయు పద్ధతి పల్లెలకు మేలే చేసినది. అయినను భూమి దస్తావేజులపై నున్న ముద్రలకు నకళ్లు చేసి సొమ్ము తీసిన నేరములు మన తెలుగు రాష్ట్రములలోను బయటపడినవి. ఆధారు సంస్థ వెబ్‌సైటులో గాని, ఎం-ఆధార్ యాప్‌లో గాని మీ ముద్రలకు తాళము వేసికొనవచ్చును. తాళము వేసిన పిదప రేషను అంగడిలోను, పింఛను కడను ముద్ర చెల్లదు. అట్టి పని యున్నప్పుడు కొంతసేపు తెరచుకొనవలయును. ఈ సంగతి తెలియక తాళము వేసి, రేషను అంగడినుండి వట్టిచేతులతో తిరిగి రాకుడు.

సంఘ కార్యాలయము

దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరులతో కూర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో ఆమోదించెను. సభ్యుల ఋణములు, వాటాలు కంప్యూటరు కెక్కిన చోట ఒకే సంకేతపదమును ఉద్యోగులందరు వాడుట, దానిని గోడకు అంటించుట సభ్యులకు హానికరము. అందరిదైన తాళపుచెవితో తప్పు జరిగినప్పుడు బాధ్యుడెవడో తేల్చుట కష్టము. ఎవరి సంకేతపదము వారిదిగా నుండవలయును. బదిలీయైన ఉద్యోగి ప్రవేశమును ఆనాడే రద్దుచేయవలయును. సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును అడుగుట వారి హక్కు.

మోసము జరిగినచో

సిగ్గుపడి దాచుటకంటె నష్టకరమైనది లేదు. దొంగిలిన సొమ్ము నిమిషములలో ఖాతానుండి ఖాతాకు పోవుచుండును. త్వరగా తెలిపినచో దారిలో నాపుట సాధ్యమగును. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుడు. తెలిపిన సమయమును, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువులలో, అదే యేడు డిసెంబరులో సహకార బ్యాంకులకు ఇచ్చినవానిలో, ఒక భేదమును స్పష్టపరచెను. ఖాతాదారునిది గాని బ్యాంకుది గాని తప్పులేని మోసమును, బ్యాంకు సమాచారము అందిన 3 పనిదినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిపై పడదు. తన రహస్యమును తానే చెప్పినవానికి, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము తనదే. తెలిపిన తరువాతిది బ్యాంకుది. కావున పిన్ను చెప్పి మోసపోయినవారు ‘ఇక చేయునదేమి’ యని యూరకుండరాదు. వారికే తొందర యెక్కువ అవసరము.

తెగులు సోకిన మడిని దాచిన రైతు తన చేనును, పొరుగు చేనును గూడ చెరచును. ఒకరిపై పారిన వల రేపు మరియొకరిపై పడును గనుక, జరిగినదానిని సంఘమున చెప్పుట పొరుగువానికి చేయు ఉపకారము. ఈ వారమే మూడు పనులు ముగింపుడు: ఈమెయిలు సంకేతపదమును మార్చుడు, పంట ఖాతాను ఖర్చు ఖాతాను వేరుచేయుడు, 1930 అను అంకెలను ఇంటి గోడపై పెద్దవిగా వ్రాయుడు. గోడపై వ్రాయదగిన అంకెలు అవియే. చదువు వచ్చిన సభ్యులు ఈ వ్యాసమును రానివారికి చదివి వినిపింతురు గాక యని కోరుచున్నాను.